కొత్తవాళ్లతో పద్యనాటకం ఎలా కట్టాలి

పద్యనాటకం వేద్దామని పది మంది కూర్చున్న మొదటి సాయంత్రమే ఎవరో ఒకరు "మరి కృష్ణుడు ఎవరు?" అంటారు. ఆ ప్రశ్నను పక్కన పెట్టండి. "హార్మోనియం ఎవరు?" అని అడగండి. దానికి జవాబు దొరికేదాకా టీ తాగి ఇంటికి పోవచ్చు, నష్టమేమీ లేదు.

హన్మకొండలో మా గుంపు అంతా ఉద్యోగస్తులే. ఇద్దరు టీచర్లు, ఒక బ్యాంకు క్యాషియర్, కరెంటాఫీసు ఆయన, మందుల దుకాణం ఆయన, నేను. మొదటిసారి వేసినప్పుడు పాత్రలన్నీ పంచుకుని, పద్యాలు బట్టీపట్టి, ఇంకో వారంలో నాటకం ఉందనగా హార్మోనిస్టు కోసం వెతికాం. దొరికినాయన మంచి విద్వాంసుడే. కానీ మేం నేర్చుకున్న రాగాలు ఒకటి, ఆయన వేళ్లు పోయే దారి ఒకటి. ఆ రాత్రి దుర్యోధనుడు ఒక శ్రుతిలో కోప్పడ్డాడు, హార్మోనియం పెట్టె ఇంకో శ్రుతిలో సముదాయించింది. అందుకే ఈ వరస చెబుతున్నాను. మీరు మా దెబ్బలు తినకుండా కొత్త దెబ్బలు తినొచ్చు.

ముందు పెట్టె

పద్యనాటకంలో హార్మోనిస్టు పక్కవాద్యం వాయించే మనిషి మాత్రమే కాదు. పద్యానికి ముందు రాగం అందించేది, నటుడు మాట మరిచిపోతే రెండు స్వరాలు సాగదీసి ఊపిరి పోసేది, నటుడు హద్దు దాటి రాగం తీస్తుంటే ఆపేది ఆయనే. దర్శకుడు నాటకం రోజు చేతులు కట్టుకుని వింగ్‌లో నిలబడతాడు. నాటకం నడిపేది పెట్టె దగ్గరి మనిషి.

కాబట్టి మొదటి నెల నుంచే ఆయన ఉండాలి. రోజూ రాలేకపోతే వారానికి ఒక్క రోజైనా. ఒప్పుకునేటప్పుడే ఎన్ని రిహార్సల్స్‌కు వస్తారు, ఎంత ఇస్తారు, రానుపోను చార్జీలు ఎవరివి అన్నవి మాట్లాడేసుకోండి. పెద్దాయన కదా అని మొహమాటపడితే చివర్లో ఇద్దరికీ ఇబ్బంది. గుడి భజన మండలిలో వాయించేవాళ్లు, ఊళ్లలో చిరుతల రామాయణం నేర్పే గురువులు మన వైపు ఇంకా ఉన్నారు. సినిమా పాటలకు కీబోర్డు వాయించే కుర్రాడితో సరిపెట్టుకోకండి. అతనికి తాళం లేకుండా సాగే పద్యం వెంట పోవడం అలవాటుండదు.

ఏ నాటకం, అందులో ఎంత

మొదటిసారి అయితే పాండవోద్యోగ విజయాల్లోని రాయబారం నా ఓటు. తిరుపతి వేంకట కవులనే జంట రాసింది. జనానికి కథ తెలుసు, సగం మందికి పద్యాలూ తెలుసు. అది లాభం, ప్రమాదం కూడా. తప్పు పాడితే ముందు వరసలోని తాత పెదాలతో సరిచేస్తాడు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర కూడా పెద్ద నాటకమే. కానీ కాటి సీను భారం కొత్త గొంతు మోయలేదు.

హక్కుల టెన్షన్ వద్దు. మన చట్టంలో కాపీరైటు రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఇద్దరు కలిసి రాస్తే రెండో ఆయన పోయిన ఏడాది నుంచి లెక్క. ఆ జంటలో చివర పోయిన చెళ్లపిళ్ల వారు పోయింది 1950లో, కాబట్టి 2010తో గడువు తీరింది. బలిజేపల్లి వారిది 2013తో. ఇటీవలి రచయిత నాటకం తీసుకుంటే మాత్రం అడిగి, కాగితం రాయించుకోండి. ఔత్సాహిక సంఘం టికెట్ లేకుండా ఆడితే 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. అయినా ఒక ఫోన్ చేసి అడగడం మర్యాద.

ఇప్పుడు కత్తెర. పూర్వం ఈ నాటకం తెల్లవార్లూ ఆడేవాళ్లు. మీరు రెండున్నర గంటల్లో ముగించాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఒక పద్యం రాగంతో పాడించి చూడండి, సుమారు మూడు నిమిషాలు పడుతుంది. 34 పద్యాలు పెట్టుకుంటే 102 నిమిషాలు అక్కడే అయిపోయాయి. మాటలకు 40, తెర మార్పులకు 10 వేసుకోండి. రెండున్నర గంటలు దాటింది. అంటే 34 కూడా ఎక్కువే. మేం 26 దగ్గర ఆగాం.

కత్తిరించేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఉంది. మాటలు కోసేసి పద్యాలు ఉంచుతారు. నేను చేసిందీ అదే. అప్పుడు నాటకం కాస్తా పద్యాల పోటీ అయింది. కొత్తగా చూసే పిల్లలకు కథ నిలబెట్టేది మధ్యలోని మాటలే. పద్యాలనే తీయండి. ఒకే భావం రెండు పద్యాల్లో వస్తే ఒకటి చాలు. పడక సీను (నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడు, దుర్యోధనుడు సాయం అడగడానికి వచ్చేది), కౌరవ సభ, మధ్యలో ఒక చిన్న సన్నివేశం ఉంటే నాటకం నిండుగా ఉంటుంది. మనుషులు మరీ తక్కువుంటే పడక సీను ఒక్కటే వేయండి. కృష్ణుడు, అర్జునుడు, దుర్యోధనుడు ఉంటే చాలు.

మనుషులు

ముందు వయసు చూడకండి, గొంతు చూడండి. తర్వాత ఓపిక చూడండి. రూపం మేకప్ చూసుకుంటుంది.

మా గుంపుకు అందరికంటే గట్టి గొంతు దొరికింది పరకాల వైపు ఊళ్లో. చిరుతల రామాయణంలో రావణుడు వేసిన మనిషి. చేతిలో చిరుతలు పట్టుకుని రాత్రంతా అడుగు వేస్తూ పాడినవాడు. మైకు ముందు రెండున్నర గంటలు అతనికి లెక్కలోది కాదు. మొదటి రోజు వచ్చి "సార్, పాటైతే అందుకుంట గని, పద్యం నాతోని కాదు" అన్నాడు. మూడు వారాల్లో దుర్యోధనుడయ్యాడు. మేం ఇప్పటికీ అతన్ని రావణా అనే పిలుస్తాం. మీ చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటివాళ్లు కచ్చితంగా ఉంటారు. పద్యం కోస్తా వాళ్ల సొత్తు అని మనలో కొందరికి ఒక అనుమానం. భాగోతం, చిందు యక్షగానం ఆడిన ఊళ్లలో నిలబడి ఆ మాట అనడం అన్యాయం.

కృష్ణుడి పాత్ర ఒక్కడికే ఇవ్వాలని లేదు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని సీనుకు ఒకరు వేయడం పద్యనాటకంలో పాత పద్ధతే. జనం దాన్ని వింతగా చూడరు. పైగా ఎవరి కృష్ణుడు బాగున్నాడని ఇంటికి పోతూ మాట్లాడుకుంటారు. పద్యాల బరువు పంచుకోవడానికి, కృష్ణుడి కోసం జరిగే అలకలు తీర్చడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

ప్రతి ముఖ్య పాత్రకు పద్యాలు వచ్చిన ఇంకో మనిషిని సిద్ధంగా పెట్టుకోండి. పెళ్లిళ్లు, ఆడిట్లు, జ్వరాలు నాటకం తేదీ చూసి రావు.

శ్రుతి ఎక్కడ పెట్టాలి

మైకుల్లేని రోజుల్లో నటులు పైస్థాయిలో పాడేవాళ్లు, చివరి వరసకు వినబడాలి కాబట్టి. ఆ రికార్డులు విని మనవాళ్లూ నాలుగు కట్టెలో మొదలుపెడతారు. కట్టె అంటే హార్మోనియం మీద శ్రుతి మెట్టు, సంఖ్య పెరిగేకొద్దీ శ్రుతి పైకి పోతుంది. రెండో సీనుకు గొంతు జీరపోతుంది. మీకు మైకు ఉంది. ఆ హింస అక్కర్లేదు.

మగవాళ్లలో ఎక్కువమందికి ఒకటి నుంచి రెండున్నర కట్టె మధ్య హాయిగా ఉంటుంది, ఆడవాళ్లకు నాలుగున్నర నుంచి ఆరు. ప్రతి ఒక్కరినీ విడిగా కూర్చోబెట్టి, పై షడ్జం (పై స) దాటి ఎంతవరకు నొప్పి లేకుండా పోతున్నారో చూసి, పద్యం పక్కన వాళ్ల కట్టె సంఖ్య రాసేయండి. ఆ కాగితం హార్మోనిస్టు ముందు అతికించండి. పద్యానికి తాళం ఉండదు కాబట్టి మనిషి మనిషికీ శ్రుతి మార్చడం పెద్ద కష్టం కాదు. తబలా పని పద్యం చివరి ముక్తాయింపుకు, పాటలకు. పాటలు మాత్రం ఒకే శ్రుతిలోకి తెచ్చుకోండి, లేకపోతే తబలా ఆయన సుత్తి పట్టుకునే కూర్చుంటాడు.

ఇంట్లో సాధనకు ఫోన్‌లో శ్రుతి పెట్టె యాప్ చాలు.

పద్యం నేర్పడం

ఇక్కడ తొందరపడకండి. మా పది వారాల్లో నాలుగు దీనికే పోయాయి, అయినా చాలలేదు.

మొదటి రోజు రాగం వద్దు. పద్యాన్ని వచనంగా చదివించండి. ఎవరు ఎవరితో ఏమంటున్నారు? సొంత మాటల్లో, ఇంట్లో మాట్లాడే భాషలోనే చెప్పమనండి. మా అర్జునుడు ఒక పద్యానికి "నువ్వు నా దిక్కు ఉంటే చాలు బావా, ఇంకేం వద్దు" అని అర్థం చెప్పాడు. అంతకంటే మంచి వ్యాఖ్యానం నేను చూడలేదు. అర్థం నోట్లో పడిన తర్వాత పదాలు విడగొట్టండి. సంధులు, సమాసాలు ఎక్కడ అతికాయో పెన్సిల్‌తో గీతలు పెట్టించండి. ఊపిరి తీసుకోవలసిన చోట చిన్న చుక్క.

ఆ చుక్కలే అసలు రహస్యం. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, 10వ అక్షరం దగ్గర యతి. చంపకమాలకు 21, 11. శార్దూలానికి 19, 13. మత్తేభానికి 20, 14. ఇది తెలిస్తే మంచిదే. కానీ ఊపిరి తీయవలసింది యతి చూసి కాదు, పాదం చివర చూసి అసలే కాదు. పుస్తకంలో పద్యం నాలుగు వరసల్లో అచ్చేస్తారు కాబట్టి కొత్తవాడు వరస చివర ఆగుతాడు. తెలుగు పద్యంలో మాట పాదం దాటి పోతూ ఉంటుంది. పాదం చివర "ధర్మ" వచ్చి, తర్వాతి పాదం "రాజు"తో మొదలైందనుకోండి. మనవాడు "ధర్మ..." దగ్గర ఆగి నిమిషంసేపు రాగం తీస్తాడు. జనం ధర్మం గురించి ఆలోచిస్తుంటారు. అప్పుడు రాజు వస్తాడు. అర్థం ఎక్కడ తెగితే అక్కడే చుక్క పెట్టాలి, రాగం తీస్తే అక్కడే తీయాలి.

తర్వాత ఉచ్చారణ. ఇంట్లో "ఏడికి పోతున్నవ్" అనే నోరు "ఎచటికి" అనడానికి రెండు వారాలు చాలు, దాని గురించి ఎవర్నీ చిన్నబుచ్చకండి. జాగ్రత్త పడాల్సింది ఒత్తుల దగ్గర. మైకులో భీముడు బీముడవుతాడు, సభ సబ అవుతుంది. శ, ష, స మూడూ ఒకటైపోతాయి. రోజూ రిహార్సల్‌కు ముందు పోతన పద్యం ఒకటి అందరితో గట్టిగా, రాగం లేకుండా చెప్పించండి. చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నదే కాబట్టి భయం ఉండదు. బమ్మెర మనకు పక్క జిల్లాలోనే ఉంది, ఆ ధైర్యం కూడా కొంత పనిచేస్తుంది.

రాగం చివర్లో. కోపానికి ఏది, వేడుకోలుకు ఏది అన్నది హార్మోనిస్టు చెబుతాడు. మోహన, హిందోళం, కళ్యాణి లాంటివి కొత్తవాళ్ల నోటికి త్వరగా పడతాయి. పేరున్న నటుల రికార్డు విని అనుకరించడాన్ని నేను మొదటి రెండు వారాలు ఒప్పుకోను. ఆ గమకాలు వాళ్లు జీవితమంతా పాడి సంపాదించుకున్నవి. మనం మూడు రోజుల్లో కాపీ కొడితే గమకం వస్తుంది, మాట పోతుంది. నా మటుకు ప్రతి మాటా వినబడాలి. రాగం కొంచెం తక్కువైనా ఫరవాలేదు.

దీనికి ఒక పరీక్ష ఉంది. నాటకం తెలియని పదో తరగతి పిల్లను వెనక బెంచీలో కూర్చోబెట్టి పద్యం పాడించండి. కృష్ణుడు ఏం అడిగాడో ఆ పిల్ల చెప్పగలిగితే పద్యం వచ్చినట్టు. మా నాటకంలో నాలుగు పద్యాలు ఈ పరీక్షలో తప్పాయి. వాటిలో రెండు నావి.

ఐదో వారం నుంచి నిలబడి చేయండి. పాడేటప్పుడు చేతులు ఏం చేయాలన్నది అందరికీ సమస్యే. తెలియకపోతే ఊరికే ఉంచమనండి. పాడనివాళ్లకే అసలు నటన ఉంటుంది. సభలో కృష్ణుడు పాడుతుంటే కర్ణుడు ఫోటోకు నిలబడ్డట్టు నిలబడకూడదు.

తేదీ, హాలు, అనుమతి

నాటకానికి మంచి నెల పుష్యమాసం. శూన్యమాసం కాబట్టి పెళ్లిళ్లు ఉండవు. హాళ్లు, టెంట్‌హౌస్, మైకుసెట్టు, మేకప్ ఆయన, అందరూ ఖాళీ. బేరం కూడా కుదురుతుంది. చలికి మేకప్ నిలబడుతుంది. ఎండాకాలంలో వరంగల్ వేడికి కిరీటం కింద నుంచి చెమట కారి కృష్ణుడి నీలం కంఠంలోకి దిగుతుంది. బతుకమ్మ, దసరా రోజుల్లో మీ నటులే మీకు దొరకరు. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘంలో వస్తుంది. ఆ ఏడాది క్యాలెండర్ చూసుకుని ఆ వారం వదిలేయండి, ఊరంతా అటే ఉంటుంది.

హాలు విషయంలో ఆశ తగ్గించుకోండి. హన్మకొండలో 2024 నవంబరులో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రం చూడగానే మనసు లాగుతుంది. వెయ్యికి పైగా సీట్లలో 200 మంది కూర్చుంటే నటుల కాళ్లు చల్లబడతాయి. పబ్లిక్ గార్డెన్‌లోని నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం, కాలేజీ ఆడిటోరియాలు, ఊళ్లో అయితే గుడి ముందు అరుగు. మీకు వచ్చే జనం ఎంతో నిజాయితీగా లెక్కేసుకుని దానికి తగ్గది పట్టుకోండి. బుక్ చేసేటప్పుడు నాటకానికి ముందురోజు సాయంత్రం రిహార్సల్ కోసం కూడా ఇస్తారా అని అడగండి.

ఆరుబయట వేస్తే మైకుకు పోలీసుల అనుమతి ముందే తీసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. మూసిన ఆడిటోరియానికి ఆ పట్టింపు లేదు. ఆరుబయట అయితే ఆరున్నరకల్లా తెర లేవాలి. అతిథుల ప్రసంగాలు నాటకానికి ముందు పెడితే తొమ్మిదిన్నరకు రాయబారం మొదలవుతుంది, పదింటికి కానిస్టేబుల్ వస్తాడు. సన్మానాలు మధ్యలో, పది నిమిషాలు. ఎవరు అలిగినా సరే.

వేషాలు, తెరలు

దుస్తులు అద్దెకు తెచ్చుకోండి. కొనడం వృథా. తెచ్చేముందు అందరి తల చుట్టుకొలత, ఛాతీ కొలత రాసుకుని పోండి. అద్దె కిరీటాలు ఎప్పుడూ ఎవరి తలకూ సరిపోవు. లోపల గుడ్డ పట్టీ కట్టండి. ఒకసారి మా దుర్యోధనుడు ఆగ్రహంతో తల విదిలిస్తే కిరీటం భీష్ముడి ఒడిలో పడింది. తాతగారు దాన్ని కళ్లకద్దుకుని తిరిగి ఇచ్చాడు. జనం అది నాటకంలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. ప్రతిసారీ అంత అదృష్టం ఉండదు.

మీసాలు అతికించే జిగురు కొందరి చర్మానికి పడదు. వారం ముందే చెవి వెనక కొంచెం రాసి చూడండి. మేకప్‌ను గ్రీన్ రూమ్ బల్బు కింద కాకుండా స్టేజీ లైట్ల కింద చూడండి. తెల్లటి ఎల్‌ఈడీ వెలుగులో పసుపు ముఖం పాలిపోతుంది.

తెరలు రెండు చాలు, ఒకటి అంతఃపురం, ఒకటి సభ. సభ కింద వరంగల్ కొత్తవాడ జంపఖానా పరిస్తే దర్బారులా ఉంటుంది, అడుగుల చప్పుడూ మైకులో పడదు. తెరల పని ఎలా ఉంటుందో చూడాలంటే ఒకసారి హైదరాబాద్ లింగంపల్లి వెళ్లి సురభి వాళ్ల నాటకం చూసి రండి. 1885 నుంచి నాటకమే బతుకుగా ఉన్న కుటుంబాలు. మనం చేయలేం, కానీ తెర ఎంత త్వరగా మారాలో కళ్లకు తెలుస్తుంది.

మైకు

కాలర్ మైకులు వద్దు. భుజకీర్తులు, దండలు తగిలి టకటకమంటాయి. స్టేజీ ముందు మూడు మైకులు, పెట్టెకు ఒకటి, తబలాకు ఒకటి. పాడేవాళ్లు మధ్య మైకు దగ్గరికి రావడం రిహార్సల్‌లోనే అలవాటు చేయండి, నేల మీద సుద్దముక్కతో గీత గీసి. హార్మోనియం శబ్దం నటుడికి వినబడేలా ఒక చిన్న స్పీకర్ స్టేజీ వైపు తిప్పి పెట్టించండి. మైకుసెట్టు కుర్రాడికి ఈ ఒక్కటీ గట్టిగా చెప్పండి. పెళ్లి బ్యాండుకు అలవాటుపడ్డ చేతులు, మామూలుగా అన్నీ జనం వైపే తిప్పుతాయి.

జనరేటర్ ఉందా అని కాదు, అందులో డీజిల్ ఉందా అని అడగండి.

ఆ రాత్రి

నటులు మూడు గంటల ముందు రావాలి. తేలికగా తిని రావాలి. పెరుగు, చల్లటి నీళ్లు వద్దు. తెర లేచే ముందు అందరూ కలిసి ప్రార్థన పాడతారు. నాటకాల ముందు తరతరాలుగా పాడుతున్న ఆ పరబ్రహ్మ ప్రార్థన రాసింది మన ఖమ్మం జిల్లా జక్కేపల్లి చందాల కేశవదాసు. ప్రేక్షకులకు ఆ మాట ఒక్క వాక్యంలో చెప్పండి, సంతోషిస్తారు.

వన్స్‌మోర్ అంటారు. ముందే నిర్ణయించుకోండి. మేం పెట్టుకున్న పద్ధతి: మొత్తం నాటకానికి రెండే, అదీ హార్మోనిస్టు తలూపితేనే. ఆయన తలూపకపోతే కృష్ణుడు నమస్కారం పెట్టి ముందుకు పోవాలి. బంధువులు అరిచే వన్స్‌మోర్ లెక్కలోకి రాదు. అది ఏ వైపు నుంచి వస్తుందో స్టేజీ మీదికి స్పష్టంగా తెలుస్తుంది.

పద్యం మధ్యలో మరిచిపోతే ఆగి బిక్కమొహం వేయొద్దు. ఉన్న చోటే రాగం పట్టుకుని ఉండాలి. వింగ్‌లో పుస్తకం పట్టుకున్న మనిషి తర్వాతి మాట అందిస్తాడు. ఆ మనిషికి ఆ రాత్రి వేరే ఏ పనీ చెప్పకండి, టీలు తెమ్మని అసలే చెప్పకండి.

అయిపోయాక కొబ్బరినూనెతో మేకప్ తీయించండి, సబ్బుతో రుద్దితే తెల్లారేసరికి ముఖం మండుతుంది. కిరీటాలు, గదలు, హారాలు తెచ్చిన చీటీ పట్టుకుని లెక్కపెట్టండి. ఫొటోల హడావుడిలో ఒక కంకణం ఎప్పుడూ మాయమవుతుంది, దాని డబ్బు మీ జేబులోంచే పోతుంది. ఇవన్నీ ఇంకెవరికైనా అప్పజెప్పి, మీరు మాత్రం ముందు స్టేజీ మూలకు వెళ్లండి. హార్మోనిస్టు పెట్టె మూసేలోపు కవరు ఆయన చేతిలో పెట్టండి. వచ్చే పుష్యమాసంలో ఖాళీయేనా అని కూడా అప్పుడే అడిగేయండి.